పాత కత్తి, కొత్త బొటనవేలు

పెద్ద కత్తెర జేబులోంచి ఆ ఫోను బయటికి తీసిన రోజే చిన్న కత్తెర మనసులో పురుగు తొలవడం మొదలైంది.

ఇద్దరి సంగతీ ముందు చెప్పేస్తాను. బజారు వీధి మలుపులో, మందుల షాపుకీ చెప్పుల షాపుకీ మధ్య ఓ చిన్న సెలూన్ ఉంది. రెండే కుర్చీలు. ఒకటి ఈ గోడ అద్దానికి ఎదురుగా, రెండోది ఆ గోడ అద్దానికి ఎదురుగా. అంటే పని చేసే ఇద్దరూ రోజంతా ఒకరికొకరు వీపు పెట్టి నిలబడాల్సిందే. పన్నెండేళ్ళుగా ఒకరినొకరు అద్దంలోనే చూసుకుంటూ, అద్దంలోనే తిట్టుకుంటూ, అద్దంలోనే నవ్వుకుంటూ బతికేస్తున్నారు. ఒకాయన బావ, రెండోవాడు బావమరిది. బావ దగ్గరే బావమరిది కత్తి పట్టడం నేర్చుకున్నాడు. వీధిలో వాళ్ళకి వేరే పేర్లు అక్కర్లేకపోయాయి. పెద్ద కత్తెర, చిన్న కత్తెర, అంతే.

చిన్న కత్తెరకి అనుమానం కొత్తగా పట్టుకున్న జబ్బేం కాదు లెండి. తాళం వేసి నాలుగడుగులు నడిచి, వెనక్కొచ్చి లాగి చూసే రకం. టీ కొట్టువాడు నవ్వుతూ పలకరిస్తే, ఇవాళ టీ నిన్నటిదేమోనని వాసన చూస్తాడు. పెళ్ళైన కొత్తలో భార్య "మీరు చాలా మంచివారండీ" అంటే, "ఎవరు చెప్పారు నీకు?" అని అడిగిన మహానుభావుడు. అలాంటివాడి కళ్ళ ముందు బావ ఆ ఫోను తీశాడు.

చూస్తే బుల్లి ఫోను. అరచేతిలో దాచేయొచ్చు. పై సగం చిన్న చదరపు అద్దం, కింది సగం అంతా బటన్లు. ఒక్కో బటనూ మినపగింజంత ఉంటుంది, దాని మీద ఓ అక్షరం.

"ఏంటి బావా, వెనక్కి నడుస్తున్నావా? మళ్ళీ బటన్ల ఫోనా?" అన్నాడు చిన్న కత్తెర.

"స్మార్ట్ ఫోనేరా. అన్నీ వస్తాయి. బటన్లు అదనం."

"పాతదానికేమైంది? పలకంత ఫోను. దర్జాగా సినిమాలు చూసుకునేవాడివి."

"నచ్చలేదు" అన్నాడు బావ.

ఒక్క మాట! పక్కింటి పిల్లి ఈనిందంటే అరగంట చెప్పే మనిషి, ఒక్క మాటతో సరిపెట్టేశాడు. చిన్న కత్తెర అద్దంలోకి చూశాడు. బావ తన కుర్చీ చేతి మీద అటు తిరిగి కూర్చుని, ఉడత కాయను పట్టుకున్నట్టు ఆ ఫోనుని రెండు చేతులతో పొట్టకి ఆనించి పట్టుకుని, రెండు బొటనవేళ్ళతో టిక్కు టిక్కుమని ఏదో రాస్తున్నాడు. "మాట్లాడే నోరుండగా రాయడమెందుకురా, చేతులేమన్నా ఖాళీగా ఉన్నాయా మనకి?" అనే మనిషి. ఇప్పుడు గిరాకీ లేచి వెళ్ళగానే టిక్కు టిక్కు. టీ తాగుతూ టిక్కు టిక్కు. బావమరిది ఇటు తిరిగితే చాలు, ఫోను జేబులోకి జారిపోతోంది.

ఇదివరకైతే ఇందులో పెద్ద విశేషం లేకపోయేది. కానీ నాలుగు నెలల క్రితం రోడ్డుకి అవతల ఇంకో సెలూన్ లేచింది. ముందు వైపంతా గాజు. లోపల ఆరు కుర్చీలు, చల్లటి గాలి, పనివాళ్ళందరికీ ఒకే రకం నల్ల చొక్కాలు. దాని మేనేజరు కూడా నల్ల చొక్కాయే, నవ్వు మాత్రం తెల్లగా ఉంటుంది. చెయ్యి తిరిగిన పనివాళ్ళ కోసం వీధి వీధీ గాలిస్తున్నాడని అందరికీ తెలుసు. బావ గనక అటు గోడ దూకాడా, ఇక్కడ మిగిలేది ఒక్క కుర్చీ. ఒక్క కుర్చీతో ఆ షాపు ఆర్నెల్లు నిలబడదు. చిన్న కత్తెరకి ఇంకో పని రాదు, ఇద్దరు పిల్లలు బడికి వెళ్తున్నారు. అందుకని ఆ టిక్కు టిక్కు వినపడినప్పుడల్లా వాడు చేతిలో పని ఆపి అద్దంలోకి చూసేవాడు.

అనుమానించేవాడికి రుజువులు వాటంతటవే నడిచొస్తాయి. మొదటిది, గడ్డాలు. ఒకప్పుడు పెద్ద కత్తెర చేత గడ్డం గీయించుకోవడానికి పెద్దవాళ్ళు వరసలో కూర్చునేవారు. ఇప్పుడు ఒక్కొక్కరినీ "ఇవాళ మావాడి కుర్చీలో కూర్చోండి, వాడి చెయ్యి నాకన్నా తేలిక" అని పంపించేస్తున్నాడు. తను మాత్రం మిషను పట్టుకుని కుర్రాళ్ళకి జుట్టు కత్తిరిస్తున్నాడు. అంటే ఏంటి? రోజు విడిచి రోజు వచ్చి, కదలకుండా కూర్చుని, మోకాళ్ళ నొప్పుల కథలు చెప్పే ముసలాళ్ళని ఇటు తోసేసి, పిలిస్తే ఏ గాజు తలుపులోకైనా దూరే కుర్రాళ్ళని తన వెంట పెట్టుకుంటున్నాడు. మీగడ తనకి, నీళ్ళు నాకు! అనుకున్నాడు చిన్న కత్తెర.

రెండోది, సోమవారాలు. షాపుకి సోమవారం సెలవు. ఆ రోజు పొద్దున్నే బావ చొక్కా మార్చుకుని ఎటో వెళ్ళిపోతున్నాడు. అక్కని అడిగితే, "కత్తెర్లు సాన పట్టించడానికిరా" అంది. ప్రతి సోమవారమా! పైగా అలా అంటూ అక్క మొహం పక్కకి తిప్పుకుంది. తోడబుట్టిన అక్క! అంటే ఆవిడకీ ఇందులో భాగం ఉందన్నమాట.

మూడోది అన్నిటికన్నా పెద్దది. మంగలి తన క్షవరం తను చేసుకోలేడు కదా. అందుకని ప్రతి నెలా ఆఖరి సోమవారం సాయంత్రం షాపు తలుపు సగం దించి, ఒకరికొకరు పని చేసుకోవడం వాళ్ళ అలవాటు. ముందు చిన్నవాడు పెద్దవాడికి, తర్వాత పెద్దవాడు చిన్నవాడికి. జుట్టూ, గడ్డమూ రెండూ. పన్నెండేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు. అలాంటిది వరసగా రెండు నెలలు బావ తన పని చేయించుకుని, వీడి వంతు వచ్చేసరికి మిషనుతో జుట్టు దులిపేసి, "గడ్డం ఉంచెయ్యరా, నీకు బాగుంది, మొహానికి పెద్దరికం వచ్చింది" అని తప్పించుకున్నాడు. ఆ మాట నమ్మి చిన్న కత్తెర ఊరుకున్నాడు. ఇంటికెళ్తే చిన్న కూతురు "నాన్నా, మేకలా ఉన్నావు" అంది.

"నేరుగా అడగొచ్చు కదండీ" అంది భార్య, బట్టలు ఆరేస్తూ.

"అడిగితే చెప్తాడా?"

"అడక్కుండా మీకు తెలుస్తుందా?"

"నీకు తెలియదు, ఊరుకో. పోయేవాడి చెయ్యి ఉండిపోయేవాడి మొహం మీద పడదు. అందుకే నాకు గడ్డం గీయట్లేదు. మనసు ఒప్పుకోవట్లేదు."

"మీ బుర్రలో ఏముందో ఒకసారి తీసి ఆరేస్తే బాగుండు" అని ఆవిడ ఖాళీ బకెట్టు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ గురువారం టీ కొట్టు దగ్గర నల్ల చొక్కా మేనేజరు ఎదురయ్యాడు. ఎదురయ్యాడో, కాపు కాశాడో. "మా దగ్గర ఒక్క కుర్చీ ఖాళీగా ఉంది. ఒకటో తారీకు నుంచి నువ్వొస్తావా?" అన్నాడు.

"మా బావని అడిగారా?"

"రెండు వారాల క్రితమే అడిగాను. వద్దనలేదు. ఆలోచిస్తానన్నాడు. ఇప్పటిదాకా ఆలోచిస్తూనే ఉన్నాడు. నేనెన్నాళ్ళని ఆగను?"

చిన్న కత్తెర చేతిలో టీ చల్లారిపోయింది. ఆలోచిస్తానన్నాడట! పన్నెండేళ్ళు కలిసి పనిచేసిన బావ! ఒళ్ళు మండిపోయింది. బావ తనని వదిలేసి పోయేలోపు తనే పోవాలి, బావ మొహం చిన్నబోవాలి, అంతే. "వస్తాను" అనేశాడు. మేనేజరు చెయ్యి కలిపి, కవర్లో పెట్టిన కొత్త నల్ల చొక్కా చేతికిచ్చాడు. ఇంటికి తీసుకెళ్తే భార్య అడుగుతుంది. అందుకని దాన్ని షాపు అల్మారాలో పై అరలో, చలికాలం వాడే పెద్ద తువ్వాళ్ళ వెనక దాచాడు. ఈ ఎండల్లో వాటినెవరు ముట్టుకుంటారులే అని ధీమా.

మాటైతే ఇచ్చేశాడు గానీ, ఇంకో గుబులు మొదలైంది. రేపు అక్క నిలదీస్తే? "అన్నం పెట్టిన బావని వదిలేసి రోడ్డు దాటావటగా" అంటే? తను దొంగ కాదని చూపించాలంటే బావ దొంగ అని ముందు రుజువు కావాలి. ఆ రుజువు ఆ బుల్లి ఫోనులో ఉంది.

ఇక్కడ మంగళ్ళకి మాత్రమే అబ్బే ఒక విద్య గురించి చెప్పాలి. రోజంతా అద్దంలో చూసి చూసి, తిరగబడిన అక్షరాలు కూడా వాళ్ళు మామూలుగా చదివేస్తారు. రోడ్డు మీది బోర్డులు, గిరాకీ చేతిలోని పేపరు, ఏదైనా సరే. అలా బావ భుజం మీదుగా ఆ చదరపు తెర మీద పేరొకటి చదివాడు: బటన్ల బలగం. ఆ ఫోను కొన్నవాళ్ళంతా చేరి, దాని మంచీ చెడ్డా చెప్పుకునే గుంపు. అందులో చేరాలంటే ఆ ఫోను తన దగ్గర కూడా ఉండాలి, ఫొటో తీసి పంపితేగానీ రానివ్వరు.

కాబట్టి మనవాడు ఆ ఫోనే కొన్నాడు! బావని పట్టుకోవడానికి బావ ఫోనే కొన్న బావమరిదిని ఎక్కడైనా చూశారా? ఫోన్ల షాపాయన, "ఇది ఊరు మొత్తంలో రెండోదండీ. మొదటిది మీ బావగారే పట్టుకెళ్ళారు. మీ ఇంట్లో ఏమన్నా మొక్కా?" అని అడిగాడు. చిన్న కత్తెర నవ్వలేదు.

ఆ సాయంత్రం పెరట్లో కూర్చుని దాంతో కుస్తీ పట్టాడు. వాడి బొటనవేలు ఒక్కసారి ఆనితే మూడు బటన్లు మునిగిపోయేవి. "అన్నగారూ" అని రాయడానికి పావుగంట పట్టింది. ఫొటో తీస్తే భార్య మొహం పొగలో నిలబడినట్టు వచ్చింది. వీడియో అగ్గిపెట్టెంత కనపడింది. "ఇదేం ఫోనురా బాబూ, చీమలు మాట్లాడుకోవడానికి చేసినట్టుంది" అని తిట్టుకున్నాడు. కానీ రెండో గంటకి వేలి కింద బటను దిగి, టిక్కుమని తిరిగి లేచే ఆ తీరు వాడికి ఎందుకో నచ్చింది. మంచి కత్తెర మూసినప్పుడు కూడా అలాగే చేతికి తెలుస్తుంది. నచ్చినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

గుంపులో "కొత్త బొటనవేలు" అని పేరు పెట్టుకుని చేరాడు. లోపలికెళ్ళి చూస్తే జనమే జనం. ఓ నర్సు, చేతికి రబ్బరు తొడుగులున్నా నొక్కొచ్చని తెగ మెచ్చుకుంది. ఓ పంతులమ్మ, తెర చిన్నది కాబట్టి సినిమాలు మానేశాననీ, మొగుడితో మాట్లాడటం మొదలుపెట్టాననీ, అది లాభమో నష్టమో ఇంకా తేలలేదనీ రాసింది. ఒకాయన, జేబులో పెడితే ఇటుక పెట్టినట్టుందని గొణిగాడు. ఒకమ్మాయి, ఆర్నెల్లకే ఎమ్ బటను మీద రంగు పోయిందనీ, రోజూ అమ్మకి రాసి రాసి అలా అయిందనీ చెప్పింది. వీళ్ళందరి మధ్యా, కొత్తవాళ్ళకి ఓపిగ్గా సలహాలిస్తూ ఒక పెద్దమనిషి ఉన్నాడు. "వేలి కొనతో పొడవకండి. గోరు పక్కనుండే కండతో నొక్కండి, తేలిగ్గా పోతుంది." ఆయన పేరు "పాత కత్తి". పేరు పక్కన బొమ్మ ఎముక పిడి కత్తి. పిడి మీద పగులు కూడా ఉంది. అదే కత్తితో చిన్న కత్తెర పని నేర్చుకున్నాడు.

దొరికావు బావా! అనుకుని శుక్రవారం పొద్దున, ఇంటి దగ్గరే, విడిగా ఆయనొక్కడికే వల వేశాడు: "అన్నగారూ, నేను కొత్తగా కొన్నాను. మీరు పెద్ద ఫోను వదిలేసి ఇదెందుకు కొన్నారు? ఏదైనా కొత్త ఉద్యోగంలో చేరుతున్నారా?"

శుక్రవారమంతా జవాబు లేదు. ఆ రోజే ఇంకోటి జరిగింది. రిటైరైన డ్రాయింగ్ మాస్టారు వచ్చారు. పన్నెండేళ్ళుగా ఆయన గడ్డం మీద పెద్ద కత్తెర చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడలేదు. బావ ఆయన భుజం పట్టుకుని మెల్లగా ఇటు తిప్పి, "మాస్టారూ, ఇక నుంచి మావాడు" అన్నాడు.

"ఏంటయ్యా, నన్ను అమ్మేస్తున్నావా?" అన్నారు మాస్టారు.

"ఊరికే ఇచ్చేస్తున్నానండీ" అని నవ్వి, బావ అల్మారా దగ్గరికెళ్ళి తువ్వాళ్ళు మడతపెట్టుకోసాగాడు. చిన్న కత్తెర మాస్టారి మొహానికి నురగ పట్టిస్తూ, ఆఖరి ముసలాణ్ణి కూడా నా నెత్తిన రుద్దాడు, మూట సర్దేసినట్టే, అనుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం ఎండకి వీధిలో మనిషి లేడు. షాపులో ఒక్క గిరాకీ, బావ కుర్చీలో, ఓ కాలేజీ కుర్రాడు. బావ మిషనుతో వాడి మెడ వెనక సరిచేసి, దులిపి పంపించాడు. తర్వాత కుర్చీ చేతి మీద అటు తిరిగి కూర్చున్నాడు. టిక్కు టిక్కు. చాలాసేపు టిక్కు టిక్కు. ఆగింది. చిన్న కత్తెర జేబులో ఫోను ఒక్కసారి వణికింది. తీసి, అద్దం వైపు బల్ల మీద పెట్టి చదివాడు.

"తమ్ముడూ, ఉద్యోగం కాదు. నా కుడి చెయ్యి వణుకుతోంది. అద్దం ఫోను మీద ఒక అక్షరం అనుకుంటే నాలుగు పడేవి. ఈ బటను నొక్కితేగానీ పడదు. పైగా దీన్ని రెండు చేతులతో పట్టుకుంటాం కదా, ఒక చెయ్యి రెండోదాన్ని ఆపుతుంది. చూసేవాళ్ళకి తెలియదు. నాది కత్తి పట్టే పని. ఇంక పట్టలేను. సోమవారం సోమవారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. మందులతో కాస్త నెమ్మదిస్తుంది గానీ, పోయేది కాదన్నాడు. మా ఆవిడ ఒక్కదానికే తెలుసు, ఆవిడ చేత ఒట్టు వేయించుకున్నాను. నా పక్క కుర్చీ ఆవిడ తమ్ముడిది. వాడికి చెప్తే ఏడుస్తాడు, నా గిరాకీ ఒక్కణ్ణి కూడా తీసుకోడు. అందుకని చెప్పకుండానే ఒక్కొక్కళ్ళనీ వాడి వైపు తిప్పుతున్నాను. ముందు ముసలాళ్ళని. జుట్టుకొచ్చే కుర్రాళ్ళు నెలకోసారి, ఎక్కడికైనా పోతారు. గడ్డానికొచ్చే ముసలాళ్ళు రోజు విడిచి రోజు, చచ్చేదాకా ఒకటే కుర్చీ. షాపు నిలబడేది వాళ్ళ మీదే. ఎదురు షాపువాళ్ళు నన్ను పిలిచారు. వద్దంటే మావాణ్ణి పిలుస్తారని ఆలోచిస్తానన్నాను. ఇంకొకటే చిక్కు. ఎల్లుండి నెలాఖరు సోమవారం. నేను వాడికి గడ్డం గీయాలి. రెండుసార్లు ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఈసారి ఏం చెప్పి తప్పించుకోవాలో తోచట్లేదు. మీ మొహం నాకు తెలియదు కాబట్టి అడుగుతున్నాను. ఏమైనా తోస్తే రాయండి."

చిన్న కత్తెర చదవడం ముగించి తలెత్తాడు. అద్దంలోకి చూశాడు. బావ లేచి చీపురు అందుకుంటున్నాడు, ఆ చెయ్యి అద్దంలో కుడిచెయ్యే. వాడికి అప్పుడు వెలిగింది. అద్దంలో కుడి ఎడమ అవుతుంది కదా. పన్నెండేళ్ళుగా అద్దంలో బావ ఎడమచేతివాటం మనిషిలాగే కనపడాలి, అలాగే కనపడేవాడు. ఈ రెండు నెలలుగా కుడిచేత్తో కనపడుతుంటే, అంతా సవ్యంగా ఉందనుకున్నాడు ఈ వెధవ. ఒక్కసారి మెడ తిప్పి నేరుగా చూసిన పాపాన పోలేదు. ఇప్పుడు తిరిగి చూశాడు. బావ ఎడమచేత్తో ఊడుస్తున్నాడు. కుడిచెయ్యి ప్యాంటు జేబులో ఉంది, జేబు కదులుతోంది.

ఎన్ని మాటలనుకున్నాడు ఈ మనిషిని! మీగడట, నీళ్ళట! ఆ పై అరలో నల్ల చొక్కా గుర్తొచ్చి, తన చెంప తనే వాయించుకోవాలనిపించింది.

దాచుకోకుండా, కుర్చీ పక్కనే నిలబడి, గోరు పక్కనుండే కండతో నొక్కాడు. టిక్కు. టిక్కు. టిక్కు.

ఊడుస్తున్న చీపురు ఆగింది. ఆ చప్పుడు ఈ ఊళ్ళో తన ఫోనుకి తప్ప ఇంకోదానికి లేదని బావకి తెలుసు. తన ఫోను తన జేబులో ఉంది. కాసేపటికి ఆ జేబులో ఫోను వణికింది. తీసి, రెండు చేతులతో పట్టుకుని చదివాడు. మూడే మాటలున్నాయి: "తప్పించుకోకు బావా. గీయి."

బావ తలెత్తాడు. "కొత్త బొటనవేలు నువ్వా?" అన్నాడు.

"నేనే."

"నన్ను పట్టుకోవడానికి కొన్నావా?"

"ఆ."

"ఫోను ఎలా ఉంది?"

"ఫొటోలు దరిద్రంగా ఉన్నాయి. రాయడానికి బానే ఉంది" అని చిన్న కత్తెర బావురుమన్నాడు. ముక్కు తుడుచుకుంటూ, "బావా, నీకు తెలియని సంగతి ఇంకోటుంది. నేను ఎదురు షాపుకి మాటిచ్చేశాను. ఒకటో తారీకు నుంచి. నువ్వు పోతున్నావనుకుని."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"కత్తి వదిలేశాక నాకున్న పనేంట్రా? తువ్వాళ్ళు మడతపెట్టడం. మడతపెట్టినవే మళ్ళీ తీసి మడతపెడుతున్నాను. గురువారం సాయంత్రం చలికాలంవి కూడా దించాను. చొక్కా చూశాను. మెడ పట్టీ నీ కొలతే."

చిన్న కత్తెర లెక్క కట్టుకున్నాడు. గురువారం సాయంత్రం చూశాడు. శుక్రవారం పొద్దున మాస్టారి భుజం పట్టుకుని ఇటు తిప్పాడు. "తెలిసి కూడా మాస్టార్ని నాకిచ్చావా?" అన్నాడు.

"నువ్వు ఏ కుర్చీ దగ్గర నిలబడితే ఆయన అక్కడికే వస్తాడు. రోడ్డు అవతలైనా సరే. కొత్త చోట చేతి కింద నీ మనుషులు నలుగురుంటే నిన్నెవడూ చులకనగా చూడడు కదా అని" అన్నాడు బావ, చీపురు గోడకి ఆనిస్తూ. "నువ్వు వెళ్ళినా తప్పు లేదురా. ఇక్కడ నేనింక..."

"నోరు ముయ్యి బావా."

చిన్న కత్తెర అల్మారా దగ్గరికెళ్ళి, తువ్వాళ్ళు కింద పడుతున్నా చూడకుండా ఆ కవరు లాగి, రోడ్డు దాటాడు. రెండు నిమిషాల్లో ఖాళీ చేతులతో తిరిగొచ్చాడు. అవతల మేనేజరు ఏమన్నాడో ఎప్పుడూ చెప్పలేదు గానీ, చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి. రాగానే షాపు తలుపు సగం దించాడు. వెళ్ళి బావ పనిచేసే కుర్చీలో తను కూర్చున్నాడు. తనే మెడ చుట్టూ గుడ్డ కట్టుకున్నాడు, తనే నురగ పూసుకున్నాడు.

"ఇవాళ శనివారంరా" అన్నాడు బావ.

"సోమవారం దాకా ఆగలేను. పిల్ల మేకంటోంది. నీ పాత కత్తి తియ్యి."

"పిచ్చి పట్టిందా? పీక తెగుతుంది."

"మిషన్లు నాకొద్దు. నాకు పని నేర్పిన చెయ్యి కావాలి. తియ్యి."

బావ ఎముక పిడి కత్తి తీశాడు. విప్పుతుంటేనే అది వణికింది. వెలుగు దాని అంచు మీద నిలవట్లేదు. చెంప దాకా తెచ్చి, ఆగిపోయాడు. చిన్న కత్తెర గుడ్డ కిందనుంచి రెండు చేతులూ బయటికి తీసి, ఆ మణికట్టుని పట్టుకున్నాడు. గట్టిగా కాదు, ఆనించి పట్టుకున్నాడు.

"ఫోను పట్టుకున్నట్టు పట్టుకున్నావేంట్రా" అన్నాడు బావ. కళ్ళు తడిగా ఉన్నాయి.

"మాట్లాడకు, పని చూడు."

కత్తి చెవి పక్కనుంచి దిగింది. మెల్లగా, చాలా మెల్లగా, దవడ ఎముక దాకా వచ్చింది. అక్కడ ఒక్కసారి ఎగిరింది. తెల్లటి నురగ మీద సన్నగా ఎర్ర గీత పడింది. బావ చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు, చిన్న కత్తెర వదల్లేదు.

"తెగిందిరా."

"చూశాను."

"ఇంక చాలు. ఆపేస్తాను."

"పటిక రాసి కానివ్వు" అన్నాడు చిన్న కత్తెర, మెడ అటు తిప్పి పెట్టి. "రెండో చెంప ఎవరు గీస్తారు, ఎదురు షాపువాడా?"